జయస్తంభమూ కొండదారీ

శ్రీకృష్ణదేవరాయలు కళింగ జైత్రయాత్రలో పొట్నూరు వద్ద జయస్తంభం నాటించాడన్నది తెలుగువారికి చిరపరిచితమైన చరిత్ర. ఆ యాత్రకు సంబంధించిన 1516, 1519 నాటి శాసనాలు సింహాచల దేవాలయంలో ఉన్నాయి. పొట్నూరు మైదానపు గ్రామం. సముద్రం దానికి దాపునే ఉంది. ఆ ప్రాంతాన్ని తడిపే గోస్తనీ నది మాత్రం పడమట అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా వద్ద సున్నపురాతిని తొలుచుకొని, దిగువకు దిగి భీమునిపట్నం దగ్గర సాగరంలో కలుస్తుంది. రాయల సేన కొండల అంచున ఉన్న వడ్డాది సీమను తాకిందని ఆ కాలపు కావ్యం చెబుతున్నది. అయినా గెలుపునకు గుర్తుగా నాటిన రాయి మైదానంలోనే నిలిచింది. నీటికి పుట్టినిల్లయిన కొండ దాని చూపునకు అందేటంత దూరంలో, దాని అధికారానికి అందనంత ఎత్తులో ఉండిపోయింది.

ఈ చిన్న విషయంలో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. కొండసీమను జయించడమంటే ఏమిటి? జయం వలన హక్కు పుడుతుందా? బలంతో వచ్చినవాడు ఆ పిమ్మట మేలు చేస్తే, ఆ మేలు మొదటి బలప్రయోగాన్ని న్యాయమైనదిగా మార్చగలదా? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడం నేటి వివేకికి కష్టం కాదు. మూడవది అంత సులభం కాదు. కొండల్లో బడి కట్టేవాడు, దారి వేసేవాడు, మందు పంచేవాడు ఎవరైనా ఏదో ఒకనాడు దానిని ఎదుర్కోక తప్పదు. తూర్పు కనుమల మన్యసీమ చరిత్ర ఆ ప్రశ్నను శతాబ్దాలుగా అడుగుతూనే ఉన్నది.

తూర్పు కనుమలు పడమటి కనుమలవలె ఎడతెగని గోడ కావు. మహానది, గోదావరి, కృష్ణ వాటిని ఖండఖండాలుగా కోసి సముద్రానికి దారి చేసుకొన్నాయి. ఆ ఖండాలలో నాగావళికీ గోదావరికీ నడుమ ఉన్న ఎత్తైన భాగమే ప్రధానంగా తెలుగువారి మన్యం. సుమారు 900 నుండి 1000 మీటర్ల ఎత్తున పీఠభూములు, వాటి మీద 1600 మీటర్లు దాటిన శిఖరాలు, శిఖరాల నడుమ ఇరుకైన లోయలు, ప్రతి లోయలోనూ ఒక గెడ్డ. మాచ్‌ఖండ్ నది ఇక్కడే పుట్టి, సీలేరుగా పేరు మార్చుకొని, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. శారద, వరాహ, తాండవ నదులు తూర్పునకు దిగి మైదానపు వరిచేలను తడుపుతాయి. దిగువ ఊరి చెరువు నిండడం పై ఊరి అడవి మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంబంధం రెండు ఊళ్లకూ తెలిసినదే. రాజ్యాల లెక్కపుస్తకాలలో మాత్రం అరుదుగా కనబడుతుంది.

ఈ కొండల రాతికి ఇరవయ్యవ శతాబ్దారంభంలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టారు. అక్కడ నివసించే కోండుల పేరు మీద. అదే రాయి యుగయుగాల వానకు శిథిలమై కొండనెత్తాల మీద బాక్సైటు పొరగా మిగిలింది. కోండు అన్న మాట కొండ నుండి వచ్చిందని పలువురి అభిప్రాయం. ఆ జనం తమను తాము కుయి, కువి అని చెప్పుకొంటారు. పోర్జ అనే తెగపేరు ప్రజ అన్న మాటకు రూపాంతరం. ఏలికకు లోబడినవారని దాని భావం. ఇట్లా కొండకూ, కొండమీది మనిషికీ, చివరకు కొండరాతికీ పేరు పెట్టినవారు ఎక్కువభాగం కింది నుండి చూసినవారే. పేరు పెట్టడం జయానికి తొలిమెట్టు అనవచ్చు. సైన్యం చేరకముందే మాట చేరింది.

భూమి తరువాత చెప్పుకోవలసినది వాతావరణం. జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి. అవి వెనుదిరిగే వేళ బంగాళాఖాతపు తుఫానులు వస్తాయి. వానకాలంలో గెడ్డలు పొంగి ఊరికీ ఊరికీ నడుమ రాకపోకలు ఆగిపోతాయి. మార్గశిర పుష్య మాసాల్లో లోయలను పొగమంచు కప్పుతుంది; చింతపల్లి సమీపంలోని లంబసింగిలో చలి ఒక్కొక్కప్పుడు సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. వీటన్నిటికీ మించినది మన్యపు జ్వరం. మైదానం నుండి వచ్చిన సిపాయి కత్తికి, బాణానికి భయపడనవసరం లేకపోయినా మలేరియాకు భయపడక తప్పేది కాదు. 19వ శతాబ్దపు దండయాత్రలలో శత్రువు కంటే జ్వరమే ఎక్కువగా సేనలను కూల్చింది. కోటలు లేని దేశానికి ఆ దోమే కోటగోడ. అయితే ఆ గోడ లోపలివారినీ చంపుతూ వచ్చింది. మన్యపు బిడ్డలకు ఆ జ్వరం రక్షణ కాదు, మృత్యువు. ప్రకృతి ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని కీర్తించేవారు ఆ స్వాతంత్ర్యపు ధరను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

జయాన్ని గూర్చి భారతీయ రాజనీతి ఆదినుండీ ఆలోచించింది. కౌటిల్యుడు జయించేవారిని మూడు తరగతులుగా విభజించాడు. ఎదుటివాడు లొంగితే చాలునని తృప్తిపడేవాడు ధర్మవిజయి. భూమినీ ధనాన్నీ తీసుకొని తృప్తిపడేవాడు లోభవిజయి. భూమి, ధనం, భార్యాపుత్రులు, ప్రాణం, అన్నీ హరించేవాడు అసురవిజయి. అదే గ్రంథంలో అటవికులను గూర్చిన మాట కూడా ఉన్నది. వారు సంఖ్యలో ఎక్కువ, పరాక్రమవంతులు, తమ దేశంలో తాము ఉంటూ బాహాటంగా పోరాడతారని, రాజులతో సములని ఆయన గుర్తించాడు. ఇది ప్రశంస కాదు. వారిని దొంగలకంటె ప్రమాదకరులుగా ఎంచే సందర్భంలో చెప్పిన మాట. అయినా అటవికునికి తనదంటూ ఒక దేశం ఉన్నదన్న అంగీకారం అందులో ఉన్నది. ఆ తరువాతి కాలపు చట్టాలలో చాలాభాగం ఆపాటి అంగీకారమైనా ఇవ్వలేదు.

ధర్మవిజయమనే మాటకు కొత్త అర్థమిచ్చినవాడు అశోకుడు. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షా యాభైవేలమంది చెరపట్టబడి తరలిపోయారని తానే చెప్పి, అందుకు పశ్చాత్తాపపడిన 13వ శిలాశాసనం ప్రపంచ చరిత్రలో అపూర్వమైనది. కాని దానిని నిదానంగా చదివినవారికి రెండు విషయాలు తట్టక మానవు. ఆ శాసనంలోనే చక్రవర్తి అటవికులను హెచ్చరిస్తాడు. తాను పశ్చాత్తప్తుడైనప్పటికీ దండించే శక్తి తనకు ఉన్నదని, వారు తప్పులు మానుకోవాలని చెబుతాడు. కరుణకు కూడా ఒక సరిహద్దు ఉన్నది. ఆ సరిహద్దు అడవి అంచున పడింది. రెండవ విషయం ఇంకా ఆలోచింపజేసేది. ఈ పశ్చాత్తాప శాసనాన్ని కళింగంలోని ధౌళిలోగాని, కనుమల చెంతనున్న జౌగడలోగాని చెక్కించలేదు. దాని స్థానంలో ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. ప్రజలందరూ తన బిడ్డలని, జయింపబడని పొలిమేరవాసులు తనను చూసి భయపడనక్కర లేదని అవి చెబుతాయి. నష్టపోయినవారికి తప్ప లోకానికంతటికీ తప్పు ఒప్పుకోవడం, నష్టపోయినవారికి మాత్రం వాత్సల్యం చూపడం: ఈ ధోరణి అశోకునితో అంతం కాలేదు.

మధ్యయుగాల్లో మన్యం మీద మైదానపు రాజుల అధికారం చాలావరకు మొదటి తరగతికి చెందినది. వడ్డాది మత్స్యవంశీయులు 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో తమ మూలపురుషుని పుట్టుకను మత్స్య నదితో ముడిపెట్టుకొన్నారు. కొండను ఏలదలచినవాడు కొండనీటి బిడ్డనని చెప్పుకోవలసి వచ్చిందన్నమాట. గంగరాజులు, గజపతులు, నందపుర జయపుర ప్రభువులు, గోలకొండ సుల్తానుల అధికారులు, అందరూ కప్పం తీసుకొన్నారు. లోయల్లోని గ్రామసముదాయాలు ముఠాలుగా, వాటి పెద్దలు ముఠాదారులుగా కొనసాగారు. పోడు కొట్టేవాడు పోడు కొట్టాడు. చోడి, సామ, వలిస పండాయి. చైత్రంలో ఇటుకల పండుగ వేట సాగింది. ఈ చిత్రాన్ని మరీ అందంగా గీయడం సత్యానికి అపచారం. ముఠాదారుకు వెట్టి చేసినవారూ కొండవారే. బలమైన తెగ బలహీనమైన తెగను అణచిన సందర్భాలు కొండల్లోనూ ఉన్నాయి. పోర్జ అన్న పేరే అందుకు సాక్షి. కాని ఆ పెత్తనం ఎదుట ఒక మార్గం తెరిచి ఉండేది. బాధ భరించలేనప్పుడు ఊరు ఊరంతా లేచి మరో లోయకు పోవచ్చు. అడవి ఎవరి పేరా నమోదు కాలేదు గనుక ఆ వలస నేరం కాలేదు.

ఆ మార్గాన్ని మూసినది కాగితం. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీచేశాడు. 1766లో నిజాం అలీతో జరిగిన ఒప్పందం దానిని స్థిరపరచింది. ఇచ్చినవారిలో ఎవ్వరూ ఆ కొండలను ఎక్కినవారు కారు. పుచ్చుకొన్నవారిలో అనేకులు అప్పటికి వాటిని కంటితో చూసినవారు కారు. ఆ సంతకాల వేళ కొండమీది గ్రామానికి తాను చేతులు మారినట్లు తెలియదు. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి మరొక మెట్టు. నియమిత కాలానికి నియమిత సొమ్ము చెల్లించకపోతే సంస్థానం వేలానికి వస్తుంది. గొలుగొండ జమీను అట్లాగే 1837లో వేలానికి వచ్చి ప్రభుత్వం చేతికే చేరింది. వానలు వెనుకపడవచ్చు, గెడ్డలు పొంగవచ్చు, పోడు మారవచ్చు. వాయిదా మాత్రం మారదు. పంచాంగాన్ని బట్టి నడిచే దేశం మీద కచేరీ క్యాలెండరు రాజ్యమేలింది.

1839లో 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించింది. ఏజెన్సీ అన్న మాట తెలుగువారి వాడుకలోకి అట్లా వచ్చింది. అది ఊరి పేరు కాదు, తెగ పేరు కాదు, చెట్టు పుట్ట పేరు కాదు. ఒక అధికారి హోదా. 1874 చట్టంతో షెడ్యూల్డు జిల్లాలన్నారు. 1919లో వెనుకబడిన ప్రాంతాలన్నారు. 1935లో మినహాయించిన, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలన్నారు. ప్రతి పేరూ ఆ సీమను పాలకుని దృష్టి నుండి వర్ణించినదే. అయితే ఆ ప్రత్యేక పాలనలో కొంత రక్షణ కూడా లేకపోలేదు. మైదానపు వర్తకుడు అప్పు పత్రంతో భూమిని లాగుకొనడాన్ని అరికట్టడానికి 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. బంధించే గోడే కొంతవరకు కాపాడింది కూడా. చరిత్రలో మంచి చెడులు విడివిడి గదుల్లో నివసించవు.

ఇక్కడ అసలు చిక్కును తప్పించుకోరాదు. ఉత్తరాన ఘుమ్సూరు, బౌద్ కొండల కోండులలో భూదేవికి నరబలి ఇచ్చే మెరియా ఆచారం ఉండేది. కంపెనీ అధికారులు దానిని మాన్పించడానికి 1845లో ప్రత్యేక ఏజెన్సీని నెలకొల్పారు. మాక్‌ఫర్సన్, కాంప్‌బెల్ వంటివారు ఆ పనికి నాయకత్వం వహించారు. బలికి సిద్ధం చేసిన వందలాది పిల్లలు, పెద్దలు ప్రాణాలతో బయటపడ్డారు. ఇది మేలు కాదనడానికి ఏ తత్త్వమూ చాలదు. బలిపశువుగా పెరుగుతున్న పిల్లవాని వైపు నుండి చూస్తే, వచ్చినవాడు ఏ జెండాతో వచ్చినా రక్షకుడే. తెగ స్వేచ్ఛ పేరిట ఆ పిల్లవాని ప్రాణాన్ని లెక్కచేయకపోవడం మరొక క్రౌర్యం.

స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో దె వితోరియా 1539లో ఇదే చిక్కును చర్చించాడు. అమెరికా ఆదివాసులు తమ భూమికి నిజమైన యజమానులేనని, కనుగొన్నామన్న కారణాన గాని, మతం స్వీకరించలేదన్న కారణాన గాని వారి రాజ్యం తీసుకొనే హక్కు ఎవరికీ లేదని వాదించాడు. అయినా నరబలి నుండి నిర్దోషులను కాపాడటం న్యాయమైన కారణం కావచ్చునన్నాడు. వారి పాలనా భారం వహించవచ్చునా అన్న మరో ప్రశ్న వచ్చినప్పుడు, అది వారి మేలుకే తప్ప వెళ్లినవారి లాభానికి కారాదని షరతు పెట్టాడు. ఘుమ్సూరు చరిత్రను ఆ షరతుతో తూచవచ్చు. అక్కడ యుద్ధం 1835లో మొదలైనది కప్పం బకాయి కోసం. నరబలి సంగతి యుద్ధం నడుస్తుండగా, ఆ పిమ్మట వెలుగులోకి వచ్చింది. ప్రవేశానికి కారణం ఒకటి, ప్రవేశించిన తరువాత దొరికిన సమర్థన మరొకటి. బలి మానిన తరువాత సైన్యం తిరిగి వెళ్లలేదు. శిస్తు, అడవి, దారి, అన్నీ ఆ సమర్థన నీడలోనే వచ్చాయి. ఒక పిల్లవాని ప్రాణం కాపాడినందుకు కొండంతా ప్రతిఫలంగా తీసుకొన్నారు.

కౌటిల్యుని మూడు తరగతులకు ఇక్కడ నాలుగవది చేర్చవలసి వస్తుంది. దానిని ఉపకారవిజయం అనవచ్చు. లోభవిజయికి తాను తీసుకొంటున్నానని తెలుసు. అసురవిజయికి తాను హరిస్తున్నానని తెలుసు. ఉపకారవిజయి మాత్రం తాను ఇస్తున్నానని నమ్ముతాడు. అందుచేత అతనికి పశ్చాత్తాపం కలగడానికి అవకాశమే లేదు. ఎదుటివాడు కాదంటే అది అభిప్రాయంగా వినబడదు, అజ్ఞానంగా వినబడుతుంది. ఈ జయంలోని ప్రమాదమంతా ఆ వినికిడి లోపంలోనే ఉన్నది.

1879 నాటి రంప తిరుగుబాటు ఈ లోపానికి తార్కాణం. జీలుగు చెట్టు నుండి తన ఇంటికోసం కల్లు దించుకోవడం రంప కొండల్లో అనాదిగా వస్తున్న అలవాటు. వేసవిలో తిండిగింజలు నిండుకొన్నవేళ అది ఆహారం కూడా. అబ్కారీ నిబంధనలు ఆ హక్కును కాంట్రాక్టర్లకు అమ్మాయి. పైన మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. మైదానపు వర్తకులు దూరపు కోర్టులలో ఏకపక్షంగా డిక్రీలు పొంది పశువులను తోలుకుపోయారు. 1879 మార్చిలో మొదలైన తిరుగుబాటు గొలుగొండకు, భద్రాచలానికి పాకింది. తమ్మన్నదొర వంటి నాయకులు 1880లో హతులయ్యారు. పలువురిని ద్వీపాంతరం పంపారు. కారణాలను ప్రభుత్వమే విచారించి, ఫిర్యాదులలో న్యాయం ఉన్నదని అంగీకరించింది. అయినా 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడును ఇంకా ఇరుకున పెట్టింది. తెలియకపోవడం వేరు, తెలిసికొని వినకపోవడం వేరు.

ఆ తరువాతి ఘట్టం ఒక దారికి సంబంధించినది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు కొండదారి వేయించే పని గూడెం ఉప తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. కొండవారిని బలవంతంగా రప్పించి, చాలీచాలని కూలితో, కొన్నిసార్లు అదీ లేకుండా, రాళ్లు కొట్టించారు. దారి మంచిదే. కాని అది ఎవరిని ఎక్కడికి తీసుకుపోతుందో రాళ్లు కొట్టినవారికి తెలుసు: పైకి పోలీసును, కిందికి కలపను. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టు 22 నుండి వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద జరిగిన దాడులకు వెనుక ఆ దారిపని కసి ఉన్నది. ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులను, అస్సాం రైఫిల్సును దింపింది. ఒక కొండసీమను అణచడానికి మరో కొండసీమ కోసం ఏర్పరచిన దళాన్ని తెచ్చారు. 1924 మే 7న రాజు కొయ్యూరు ప్రాంతంలో మరణించాడు. గాం గంటందొర ఆ వెనువెంటనే నేలకొరిగాడు. గాం మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో స్వతంత్ర భారతపు తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. సీతారామరాజు పుట్టిన పాండ్రంగి, రాయలు జయస్తంభం నాటించిన పొట్నూరు, నేటి లెక్కన ఒకే మండలంలోని గ్రామాలు. రెండు ప్రయాణాలు ఒకే చోటునుండి కొండవైపు చూశాయి. ఒకటి లొంగుబాటు కోరింది. మరొకటి కొండవారి ఫిర్యాదును తన ఫిర్యాదుగా చేసుకొన్నది.

స్వాతంత్ర్యానంతరం ప్రశ్న రూపం మారింది. ఇప్పుడు రాజ్యం పరాయిది కాదు. కొండవానికీ ఓటు ఉన్నది. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు, 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ మన్యపు భూమిని గిరిజనేతరులకు అన్యాక్రాంతం కాకుండా కాపాడదలచాయి. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు వెలిగింది. మలేరియా నిర్మూలన కార్యక్రమాలు పాత జ్వరపు కోటగోడను చాలావరకు కూల్చాయి. ఎందరో బిడ్డలు బతికారు. ఆ గోడ కూలినచోట నుండే మైదానపు వడ్డీవ్యాపారి, కలప కాంట్రాక్టరు, భూమి కోరేవాడు కూడా లోపలికి నడిచారు. 1960లలో కొత్తవలస కిరండూల్ రైలుమార్గం సొరంగాల మీదుగా అరకు లోయను దాటి బైలడిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చింది. ఆ రైలు కొండను చూపించింది కూడా. కాని దాని పుట్టుకకు కారణం ప్రయాణికుడు కాదు.

1997 జూలై 11న సర్వోన్నత న్యాయస్థానం సమత కేసులో ఇచ్చిన తీర్పు ఈ చర్చకు ఒక తాత్త్విక మలుపు. బొర్రా పరిసర గ్రామాల్లో గనుల లీజులను గూర్చిన ఆ వ్యాజ్యంలో తేలవలసిన ప్రశ్నలలో ఒకటి చూడటానికి చిన్నది. గిరిజనేతర వ్యక్తులకు భూమి ఇవ్వరాదన్న నిబంధనలోని వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందా? చేరుతుందని న్యాయస్థానం చెప్పింది. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో తన భూమినైనా గిరిజనేతరులకు గనుల కోసం కట్టబెట్టే స్వేచ్ఛ రాజ్యానికి లేదు. ఉపకారి తనను తాను నియమానికి అతీతునిగా భావించుకొనే అలవాటుకు ఆ ఒక్క మాట అడ్డుకట్ట వేసింది.

అయితే కొండను ముట్టకుండా వదిలివేయడమే ధర్మమా? ఆ వాదం వినసొంపుగా ఉంటుంది. పురుటినొప్పులు పడే స్త్రీని డోలీలో మోసుకొని గెడ్డలు దాటే నలుగురి ముందు అది నిలవదు. నేడు మన్యంలో దారి కావాలని అడుగుతున్నవారు కొండవారే. వారి తాతలు రాళ్లు కొట్టనని తిరగబడ్డారు. మనుమలు రాయి వేయమని అర్జీ పెడుతున్నారు. ఇందులో వైరుధ్యం లేదు. రెండు సందర్భాలలోనూ వారు అడిగినది ఒకటే: దారి ఎవరి కోసమో నిర్ణయించే మాటలో తమకు చోటు. మొదటి దారి వారి మీదుగా వేసినది. రెండవ దారి వారు కోరినది. రాయి అదే, ఎత్తు అదే, మలుపులూ అవే కావచ్చు. న్యాయం దారి పొడవులో లేదు, దాని మొదటి మాటలో ఉంది.

కాబట్టి మేలును కొలిచే కొలబద్ద ఫలితం ఒక్కటే కారాదు. మేలు పొందేవాడు వద్దనగలిగే స్థితిలో ఉన్నాడా, వద్దన్నప్పుడు ఆ మాట చెల్లుతుందా అన్నది చూడవలసి ఉంటుంది. 1996 పంచాయతీల విస్తరణ చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఈ దిశలో వేసిన అడుగులు. రెండవ చట్టం అడవిజనానికి చారిత్రక అన్యాయం జరిగిందని తన ప్రస్తావనలోనే ఒప్పుకొన్నది. అశోకుడు కళింగంలో చెక్కించని వాక్యం ఇరవై రెండు శతాబ్దాల తరువాత చట్టపుస్తకంలోకి ఎక్కిందనవచ్చు. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సర్వోన్నత న్యాయస్థానం నిర్ణయాన్ని గ్రామసభలకు వదలినప్పుడు, పన్నెండు గ్రామసభలు ఒక్కొక్కటిగా బాక్సైటు గని వద్దన్నాయి. ఆ మాట చెల్లింది. జయం, కొనుగోలు, ఉపకారం, ఏ పేరుతో వచ్చినవారైనా అక్కడ ఆగవలసి వచ్చింది.

ఈ కొలబద్దకూ పరిమితులు ఉన్నాయి. గ్రామసభను పలుకుబడి గలవారు లొంగదీసుకోవచ్చు. సభలో స్త్రీ గొంతు, చిన్న తెగ గొంతు వినబడకపోవచ్చు. మెరియా పిల్లవాని వంటి నిస్సహాయుని విషయంలో ఊరి సమ్మతి న్యాయానికి చాలదు. అక్కడ ఊరిని కాదనడమే ధర్మం. లక్షల ఎకరాలకు నీరిచ్చే ఆనకట్ట విషయంలో కొద్దిమంది నిరాకరణకు ఎంత విలువ ఇవ్వాలన్నది నిజమైన ప్రశ్న. పోలవరం ముంపు ప్రాంతంలో కొండరెడ్లు, కోయలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2014లో ఆ ప్రాజెక్టు నిమిత్తం ఖమ్మం జిల్లాలోని మండలాలు ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి మారాయి. 1765 నాటి ఫర్మానాకూ, ఎన్నికైన పార్లమెంటు చేసిన చట్టానికీ పోలిక లేదనడం సబబే. కాని ఆ తేడా ఎంత నిజమైనదో ఢిల్లీలో తేలదు. మునిగే ఊరివారికి ముందుగా చెప్పారా, మారు భూమి చేతికి వచ్చిన తరువాతే ఇల్లు ఖాళీ చేయించారా అన్న చోట తేలుతుంది. త్యాగం అడగవచ్చు, అడగకుండా తీసుకొన్నదానికి త్యాగమని పేరు పెట్టరాదు.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఒకనాడు అధికారి హోదాతో పిలవబడిన సీమ ఇప్పుడు ఆ అధికారాన్ని ఎదిరించినవాని పేరుతో పిలవబడుతున్నది. ఇది చిన్న మార్పు కాదు. పేరు ఋణం తీర్చదు. ఋణం ఉన్నదని మాత్రం గుర్తుచేస్తుంది. ఆ జిల్లా కచేరీలో దారి కోరుతూ వచ్చిన అర్జీ, గని వద్దంటూ వచ్చిన తీర్మానం ఒకే బల్ల మీద చేరవచ్చు. రెండింటి కిందా వేలిముద్రలు ఒకే ఊరివే కావచ్చు. మొదటిదానిని అభివృద్ధిగానూ, రెండవదానిని అడ్డంకిగానూ చదివే చేతికి పొట్నూరు రాయి ఇంకా బరువుగానే ఉన్నదని అర్థం. రెండింటినీ ఒకే శ్రద్ధతో చదివిన నాడు కొండకు వెళ్లే దారి జయయాత్ర కాకుండా, ఒక ఊరినుండి మరో ఊరికి వెళ్లే దారిగా మిగులుతుంది.